నెరిడా పైబస్ బండి ఎక్కడా ఆగదు

మా కోల్డ్‌ప్లెయిన్స్‌లో మనిషిని ముఖం చూసి గుర్తుపట్టే అలవాటు ఎవరికీ లేదు. చలికాలం వచ్చిందంటే అందరమూ ఉన్నిటోపీలు కనుబొమల దాకా లాక్కుంటాం, మఫ్లర్లు గడ్డం మీదికి చుట్టుకుంటాం, ఇక బయట మిగిలేది ముక్కొక్కటే. వట్టి ముక్కు చూసి ఫలానా అని చెప్పడం కన్నతల్లి వల్ల కూడా కాదు. అందుకని బండిని చూసి గుర్తుపడతాం. ఎదురుగా బండి వస్తే స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాలి. అవతలివాళ్లూ ఎత్తుతారు. అదే మా నమస్కారం, అదే మా కుశలప్రశ్న. చెయ్యంతా ఊపితే హోబార్ట్ పట్నం నుంచి సెలవులకొచ్చినవాడని తెలిసిపోతుంది. అసలు ఎత్తకపోతే పొగరుబోతని పేరు పడుతుంది, ఆ పేరు మనవల కాలానికి కూడా పోదు.

ఈ వేలంటే నాకిప్పుడు ఒళ్లుమంట. ఎందుకో తెలియాలంటే నెరిడా సంగతి చెప్పాలి.

నెరిడా పైబస్ మా ఎత్తుభూముల్లో టపా వేసే మనిషి. కరెంటు కోసం ఆనకట్ట కట్టిన రోజుల్లో, కూలీల రేకుల గుడిసెల్లో పుట్టింది. వాళ్ల నాన్న ఆ ఆనకట్ట పనిలోనే ఊపిరితిత్తులు చెడి పోయాడు. పొడుగ్గా, బక్కగా ఉండేది. జుట్టు తనే కత్తిరించుకునేది, అదీ అద్దం లేకుండానని చూడగానే తెలిసేది. మాట మహా పొదుపు. నేను పబ్బులో వంట చేస్తాను, రోజంతా వాగుతూనే ఉంటాను. నా ఎదురుగా కూర్చుని టీ తాగి, "సరే లోరీ" అని లేచి వెళ్లిపోయేది. ఆ రెండు మాటల కోసమే నేను ఎదురుచూసేదాన్ని.

టపా పని మొదట ఆమె మొగుడు క్లారీది. మా నాన్న బతికున్న రోజుల నుంచీ ఆయనే వేసేవాడు. సరస్సు చుట్టూ తిరిగే రోడ్డు, దానికి పక్కగా మట్టిబాటలు, బాట మొదట్లో తగరపు పెట్టెలు. చివరికి ఆయన కళ్లు మూసుకుని కూడా తిరిగేవాడు. తర్వాత మతిమరుపు పట్టుకుంది. ముందు పేర్లు పోయాయి, ఆ తర్వాత మనుషులు పోయారు. ఒకరోజు అందరి ఉత్తరాలూ ఒకే పెట్టెలో కుక్కి, పని అయిపోయిందనుకుని ఇంటికి పోయాడు. డాక్టరు ఆయన లైసెన్సు తీసేశాడు. నెరిడా మారు మాట్లాడకుండా తాళం తన జేబులో వేసుకుంది.

ఉత్తరాలతోపాటు మందులు, రొట్టె, కోడిపిల్లల దాణా, ఏదడిగితే అది తెచ్చేది. ఎవరింటి పొగగొట్టంలోంచి పొగ రాకపోతే ఆగి తలుపు కొట్టేది. అలా కొట్టబట్టే ఇద్దరు ముసలివాళ్లు ఇంకో చలికాలం చూశారు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే ముఖం చిట్లించుకుని వెళ్లిపోయేది.

ఇక బండి. నెరిడా, నేనూ ఒకే ఏడాది, ఒకే అంగడిలో, ఒకే కంపెనీ బండ్లు కొన్నాం. మరీ పెద్దవి కావు, మరీ చిన్నవీ కావు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది, మంచులోనూ బురదలోనూ పట్టు వదలదు. మా ఊళ్లో ఇంటికొకటి ఉంటుంది. ఆమెది నీలం, నాది తెలుపు. కవలపిల్లలన్నమాట. కానీ ఒకడు పట్టాభిషేకానికి, ఇంకొకడు ఆస్పత్రికి పుట్టారు.

నా బండి సంగతి చెప్పడం మొదలుపెడితే పబ్బులో జనం కుర్చీలు దూరంగా జరుపుకుంటారు. మొదట ఇంజన్ను చల్లబరిచే నీళ్లు కారిపోయాయి. తర్వాత ఒక చక్రం మూలగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత గేర్‌బాక్స్‌కి వణుకు పట్టుకుంది, కొండ ఎక్కేటప్పుడు జ్వరమొచ్చినట్టు ఊగిపోయేది. ఒకసారి టైరు పగిలితే ఆ ఒక్కటీ మార్పించాను. ఈ రకం బండికి నాలుగు టైర్లూ సమానంగా అరిగి ఉండాలట. ఒకటి కొత్తది, మూడు పాతవి అయితే లోపల చక్రాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయట. ఆ మాట నాకు చెప్పినవాడు డారెల్ హింగ్‌స్టన్. చెడిన బండ్లను లాగే లారీ అతనిదే. చెప్పాడు సరే, అంతా చెడిపోయాక చెప్పాడు.

"లోరీ, నీ బండి వల్లే నా పిల్లలు చదువుకున్నారు," అనేవాడు డారెల్, మంటగూటి దగ్గర వీపు కాచుకుంటూ.

నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. అయినా కాదనడానికి లేదు. నన్ను అతను లాగని రోడ్డు మా జిల్లాలో లేదు. నెరిడా బండిని మాత్రం ఒక్కసారీ లాగలేదు. అది చంద్రుడి దాకా వెళ్లి తిరిగొచ్చేంత దూరం నడిచిందని మగవాళ్లు లెక్కలు కట్టేవారు. అదే బండి, అదే ఏడాది, దానికలా, దీనికిలా ఎందుకని వాదించుకునేవారు. నూనె మార్చడంలో ఉందని ఒకడు, తోలే చేతిలో ఉందని ఒకడు, అదృష్టమని ఇంకొకడు. నెరిడాను అడిగితే భుజాలెగరేసి, "దానికి పని ఉంది," అనేది. వాదన అంతటితో ఆగేది.

ఆ ఏడాది రాణిగారి పుట్టినరోజు సెలవు ఎప్పటిలాగే సోమవారం వచ్చింది. జూన్ నెల, మాకు నడి చలికాలం. శుక్రవారం నెరిడా టపా ముగించుకుని పబ్బుకొచ్చింది, టీ తాగింది, "సరే లోరీ" అంది, వెళ్లింది. మూడు రోజులు టపా లేదు కనుక ఆమెను చూడాల్సిన పని ఎవరికీ లేదు.

శనివారం పొద్దున్నుంచే పొగమంచు కమ్మింది. మా దగ్గర పొగమంచు సరస్సులోంచి లేచి రోడ్డు మీద పడుకుంటుంది, మధ్యాహ్నానికి కూడా లేవదు. ఆనకట్ట కట్టినప్పుడు మునిగిపోయిన చెట్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడే ఉన్నాయి. ఆకు లేదు, బెరడు లేదు, తెల్లగా మొండి చేతులు పైకెత్తుకుని ఉంటాయి. మంచు పడితే అవి కాస్త దగ్గరికి జరిగినట్టు అనిపిస్తుంది. పుట్టిపెరిగిన నాకే అటు చూడ బుద్ధి కాదు.

ఆ మంచులో నెరిడా బండి ఎదురైందని డారెల్ చెప్పాడు. వేలెత్తాను, ఎత్తింది, అన్నాడు. సాయంత్రం ఆమెకు కట్టెలు కావాలేమోనని ఇంటికి ఫోను చేశాడట. క్లారీ తీశాడు. నెరిడా పడుకుందని చెప్పి పెట్టేశాడు.

ఆదివారం ఇంకో నలుగురు చూశారు. ఈసారి పబ్బులో నవ్వులు. నెరిడా బండి ప్రతి తగరపు పెట్టె దగ్గరా నెమ్మదిస్తోందట, ఆగుతోందట, మళ్లీ కదులుతోందట. ఆదివారం పూట టపా ఏమిటి, మొగుడి మతిమరుపు పెళ్లానికీ అంటుకుందా అని ఒకడు అన్నాడు. ఒక ముసలావిడ తన పెట్టె తెరిచి చూసుకుంది, లోపల ఏమీ లేదు. అద్దం లోపల ఆవిరి పట్టి ముఖం కనపడలేదు కానీ, అదే ఉన్నిటోపీ, అదే పసుపు వానకోటు, అదే వేలు అని చెప్పింది. ఇంకేం కావాలి? అందరూ తృప్తిగా కాల్చిన మాంసం తిని ఇళ్లకు పోయారు.

సోమవారం సెలవు భోజనాలు. నేను పబ్బుకు తొందరగా వెళ్లాలి. సరస్సు పాయ మీద రాళ్లు పోసి వేసిన కట్ట మధ్యకు రాగానే నా తెల్లబండి ఒకసారి వణికింది, రెండోసారి వణికింది, ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆ కట్ట మీద ఫోనుకు సిగ్నలు కూడా అందదు. తలుపు దబీమని వేసి పబ్బు వైపు నడక మొదలుపెట్టాను. రెండు పక్కలా నీళ్లు, నీళ్లలో ఆ చెట్లు. నా బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. పక్షి కూడా లేదు.

కట్ట దాటగానే రోడ్డు పక్కన నీలం బండి కనిపించింది. ముక్కు నా వైపే ఉంది. అమ్మయ్య, నెరిడా, అనుకున్నాను. చెయ్యెత్తాను. ఆవిరి పట్టిన అద్దం వెనక వేలొకటి లేచింది.

ఇంకా దగ్గరికి వెళ్లాను. వేలు మళ్లీ లేచింది. "చూశాను తల్లీ, దింపు" అని నవ్వుతూ బండి ముందుకొచ్చాను. ఇంజను చప్పుడు లేదు. వేలు మళ్లీ లేచింది, దిగింది. పక్కకొచ్చి అద్దం మీద కొట్టాను. తల తిరగలేదు. చూపు రోడ్డు మీదే ఉంది, వేలు మాత్రం లేచింది. అప్పుడు నా నవ్వు ఆగిపోయింది. తలుపు తియ్యాలంటే చెయ్యి రాలేదు. ఆ క్షణాన ఎవరైనా నన్ను వెనక్కి పిలిస్తే పరుగెత్తిపోయేదాన్నే, నిజం చెబుతున్నాను.

తలుపు తీశాను. నెరిడా టోపీ కింద, నెరిడా కోటులో క్లారీ కూర్చుని ఉన్నాడు. కోటు కింద పడుకునే బట్టలు. కాళ్లకు బూట్లు లేవు. పెదవులు నీలంగా ఉన్నాయి. పెట్రోలు ముల్లు అడుగున పడి ఉంది. బండి చెడలేదు, తాగడానికి లేక ఆగింది, అంతే.

"ఇవాళ మీకు ఉత్తరాలేం లేవమ్మా," అన్నాడు మర్యాదగా.

నెరిడా ఎక్కడని అడిగాను. పడుకుందన్నాడు. ఎక్కడ పడుకుందని అడిగాను. చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తుంటే ముఖమంతా నొప్పి పెట్టినట్టు ముడుచుకుపోయింది.

"కట్టెల కొట్టంలో," అన్నాడు. "చలేస్తోందంది. దుప్పటి కప్పాను."

కట్టెల కొట్టం ఇంటి వెనక ఉంటుంది, మూడు పక్కలే గోడలు. ఎప్పటి నుంచి పడుకుందని అడిగితే ఆయన నా వైపు ఎంతో జాలిగా చూశాడు, నేనేదో అర్థం లేని ప్రశ్న వేసినట్టు. శనివారం నుంచీ మేమందరం వేలెత్తింది ఎవరికో అప్పుడర్థమైంది. శుక్రవారం రాత్రీ, శనివారం రాత్రీ, నిన్న రాత్రీ బయట పెట్టిన బకెట్లలో నీళ్లు అడుగుదాకా గడ్డకట్టాయి.

మంచులో బండి దీపాలు కనిపించాయి. రెండు చేతులూ తలపైకెత్తి ఊపాను, అరిచాను. మా ఊరి బండే. తోలేవాడు వేలెత్తి నిమ్మళంగా నన్ను దాటిపోయాడు. సెలవు పూట పలకరిస్తున్నాననుకున్నాడేమో, వాడి మొహం మండ. తర్వాత దీపాలు కనిపించగానే నేను రోడ్డు నడిమధ్యకు వెళ్లి నిలబడ్డాను, తొక్కించుకుని పో అన్నట్టు. లారీ కీచుమంటూ మోకాళ్ల దగ్గర ఆగింది. డారెల్ దిగాడు.

నేను చెప్పడం, అతను క్లారీని ఎత్తి లారీలో కూర్చోబెట్టడం ఒక్కసారే అయిపోయాయి. కదిలేముందే తన కోటు విప్పి ముసలాయన కాళ్లకు చుట్టాడు. వేగంగా తోలుతున్నాడు.

"పొద్దున కూడా చూశాను," అన్నాడు. "అక్కడే ఆగి ఉంది. వేలెత్తాను, ఎత్తింది."

"ఆగిన బండి కనపడితే ఆగాల్సినవాడివి ఊళ్లో నువ్వొక్కడివే కదయ్యా," అన్నాను.

"నీ బండైతే ఆగేవాణ్ణి లోరీ. అది నెరిడా బండి. అది ఆగదు. ఆవిడే ఆపుకుందనుకున్నాను."

అనడానికి నోట్లో చాలా ఉంది కానీ, అతని ముఖం చూశాక మింగేశాను.

పైబస్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ చక్కగా వస్తోంది. క్లారీ పొయ్యి ఆరనివ్వలేదు. రోడ్డు మీదినుంచి చూసినవాడెవడైనా ఈ ఇంట్లో అంతా క్షేమం అనుకుంటాడు. ఇంటి వెనక్కి పరుగెత్తాం.

కట్టెల కొట్టంలో నేల మీద బట్టల గుట్ట ఉంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ, బల్లమీది గుడ్డ, కిటికీ తెరలు, క్లారీ పెళ్లికోటు, ఖాళీ టపా సంచులు. గుట్ట చుట్టూ టీ కప్పులు. అల్మరాలో ఉన్న ప్రతి కప్పూ అక్కడే ఉంది, సాసరు మీద, పక్కన చెంచాతో, అతిథికి పెట్టినట్టు. కొన్నిటిలో టీ గడ్డకట్టి ఉంది. గుట్ట కదలడం లేదు. డారెల్ అంత మనిషి గడప దగ్గరే నిలబడిపోయాడు. నేనే వెళ్లి తెర తొలగించాను.

నెరిడా కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి గుర్తుపట్టింది. ఆ తర్వాత నా వెనక ఎవరికోసమో చూసింది.

"క్లారీ వెచ్చగా ఉన్నాడా?" అంది. అదే మొదటిమాట. గొంతు ఎండుటాకు చప్పుడులా వచ్చింది. లారీలో వెచ్చగా ఉన్నాడని చెప్పాను. అప్పుడు కళ్లు మూసుకుంది.

ఇంట్లోంచి ఫోను చేస్తే, పొగమంచులో హెలికాప్టరు దిగలేదన్నారు. అంబులెన్సు కింది నుంచి ఎక్కి వచ్చేదాకా నేను ఆమెను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. నా నోరు అంతసేపు మూతపడటం అదే మొదటిసారి. డారెల్ కట్టెల మొద్దు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. క్లారీ మా ముగ్గురికీ టీ తెచ్చాడు.

తుంటి విరిగింది. ఎడమకాలి వేళ్లు చలికి చచ్చిపోయాయి, తీసేశారు. ప్రాణం మటుకు నిలిచింది. హోబార్ట్ ఆస్పత్రిలో కాస్త తేరుకున్నాక చూడ్డానికి వెళ్లాను. డారెల్ లారీలోనే వెళ్లాం, నా బండి ఇంకా అతని పెరట్లోనే పడి ఉంది. క్లారీని కూడా తీసుకొచ్చాం. ఆయన్ని నడవలో డారెల్ దగ్గర కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వెళ్లాను.

ఆరోజు నెరిడా మాట్లాడింది. అన్ని మాటలు ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. శుక్రవారం చేతుల్లో సామాను ఉండి తాళం బండిలోనే వదిలేసిందట. చీకటి పడకముందే కట్టెలు తెద్దామని వెళ్తే నాచు మీద కాలు జారింది. క్లారీ వెతుక్కుంటూ వచ్చాడు, చూసి భయపడ్డాడు, దుప్పటి తెచ్చాడు.

"ఫోను చెయ్యమని చెప్పేదాన్ని లోరీ. సరే సరే, ఇప్పుడే అని వెళ్లేవాడు. కాసేపటికి వంటింట్లో కెటిల్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినపడేది. మరిచిపోయాడని అప్పుడు తెలిసేది. టీ తెచ్చి తాగించేవాడు. మళ్లీ చెప్పేదాన్ని. మళ్లీ నీళ్ల చప్పుడు."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"పొద్దున్నే, నువ్వు పడుకో, టపా నేనేస్తాలే అనేవాడు. బండి తలుపు చప్పుడయ్యేది. నేను చర్చి గడప తొక్కి ఎన్నేళ్లయిందో నీకు తెలుసు. అయినా మొక్కుకున్నాను, దేవుడా, ఇవాళ ఇది స్టార్ట్ కాకూడదని. నీ బండిలా ఒక్కసారి మొరాయిస్తే చాలు, రోడ్డు మీద ఎక్కడైనా ఆగిపోతే చాలు, ఎవడో ఒకడు లోపలికి తొంగిచూస్తాడు కదా అని. ఒక్క తిప్పుకే అందుకునేది. చప్పుడు దూరమయ్యేదాకా వినేదాన్ని."

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచేసరికి ఆమె వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"క్లారీకి మాత్రం చెప్పకండి," అంది. "చెప్పినా నిలవదు. కానీ ఆ పూటంతా ఏడుస్తాడు."

నేను బయటికెళ్లి ఆయన్ని తీసుకొచ్చాను. క్లారీ మంచం దగ్గర టోపీ తీసి నిలబడి, భార్య ముఖం వైపు చాలాసేపు చూశాడు. గుర్తుపట్టాడో లేదో నాకు తెలియదు. ఆమె నవ్వింది. ఆయన నా వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"పాపం, ఈవిడకేమైందమ్మా?"

"కాలు జారి పడింది, క్లారీ."

"అయ్యో. ఎవరూ చూళ్లేదా?"

నెరిడా నా వైపే చూస్తోంది. గడప దగ్గర డారెల్ తల వంచుకున్నాడు.

"లేదు, ఎవరూ చూడలేదు," అన్నాను.